టాన్‌హోఫ్ గొట్టంతో జూల్‌కు

జర్మనీ చూసొచ్చినవాళ్లు రైన్ నది గురించి చెబుతారు, కోటల గురించి చెబుతారు, బెర్లిన్‌లో మిగిలిన గోడ ముక్క దగ్గర దిగిన ఫోటో చూపిస్తారు. జూల్ వెళ్లొచ్చామని ఎవరూ చెప్పగా నేను వినలేదు. తూరింగియా అడవుల్లో కొండల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరది. తరతరాలుగా అక్కడివాళ్లకు తెలిసిన పని తుపాకులు చేయడం. ఉప్పాడ అనగానే మనకు చీర గుర్తొచ్చినట్టు, గురి పోటీల్లో కాల్చేవాళ్లకు జూల్ అనగానే తుపాకీ గొట్టం గుర్తొస్తుందట.

నాకా పిచ్చి లేదు. మాది తణుకు. చిన్నప్పుడు తిరనాళ్లలో బుడగలు పేల్చే గాలి తుపాకీ ఒక్కసారి పట్టుకున్నాను. బుడగలకేమీ కాలేదు. అలాంటి నేను కరోనా వచ్చిన రెండో ఏడు అక్టోబరులో ఒక రైఫిల్‌ను వెంటబెట్టుకుని మూడు రోజులు తిరిగి వచ్చాను. తెలిసినవాళ్లు అడిగిన ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక ఇది రాసి పెడుతున్నాను.

డ్యూసెల్‌డార్ఫ్‌లో అసలు సంగతి

ఇంతియాజ్, నేను ఒకే ఆఫీసు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. ఊరు సిద్దిపేట, చదువు హైదరాబాద్. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ పట్టుకున్నాడు, మరి వదల్లేదు. ఇక్కడికొచ్చాక తనుండే పేటలో షూట్జెన్‌ఫెరైన్‌లో చేరాడు. అంటే గురి కాల్చేవాళ్ల సంఘం. మన ఊళ్లలో భజన సమాజాలున్నట్టు జర్మనీలో ఊరికొకటి ఉంటుంది. ఏడాదికోసారి పండగ చేసి, గుంజ మీద నిలబెట్టిన చెక్క పిట్టను కాలుస్తారు. చివరి ముక్క పడగొట్టినవాడు ఆ ఏటి రాజు. రాజుగారు మెడలో వెండి గొలుసు వేసుకుని అందరికీ బీరు పోయించాలి. బీరు వాసనే పడని ఇంతియాజ్ ఒక ఏడాది రాజయ్యాడు. ఆ పండక్కి పేటంతా అతని చేతి బీరు తాగి, అతని ఆరోగ్యం కోరుతూ పాడింది.

ఆ సంఘంలో పెద్దాయన డీటర్. చూపు బాగా మందగించాక తన రైఫిల్‌ను ఇంతియాజ్‌కు అప్పగించాడు. రైఫిల్ అనడం కన్నా గొట్టం అనాలి. మిగతా భాగాలు ఎవరివో ఏమోగాని, గొట్టం మాత్రం జూల్‌లో టాన్‌హోఫ్ అనే ఆయన చేసింది. దేశాన్ని చీల్చిన గోడ కూలిన కొత్తలో డీటర్ స్వయంగా వెళ్లి తెచ్చుకున్నాడు. నల్లటి ఉక్కు మీద చిన్న అక్షరాల్లో ‘టాన్‌హోఫ్, జూల్’ అని ముద్ర ఉంటుంది. సంఘంలోకి కొత్తవాడు ఎవడొచ్చినా డీటర్ మొదట ఆ ముద్ర చదివించి గాని కూర్చోనిచ్చేవాడు కాదట.

ఆ ముద్ర ఉంటే గొట్టాన్ని అనుమానించేవాడు ఉండడు. బొబ్బిలి వీణ అపస్వరం పలికితే వీణనెవరు తిడతారు? వాయించినవాడి వేళ్లకేసి చూస్తారు. ఇంతియాజ్‌కు వచ్చిన చిక్కు సరిగ్గా అదే.

కిందటి డిసెంబరులో అతనికి కరోనా సోకింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. భార్య రుక్సానా ఫోన్‌లో మాట్లాడాలంటే నర్సు దాన్ని అతని చెవి దగ్గర పెట్టాల్సి వచ్చేది. బతికి ఇంటికొచ్చాడు. వేసవిలో ఆంక్షలు సడలించి సంఘం మళ్లీ తెరిచాక వెళ్లి కాలిస్తే, ఒకప్పుడు ఒకే చిల్లులో దూరిన గుళ్లు గొర్రెలు చెదిరినట్టు చెదిరాయి. వారం తరవాత మళ్లీ అంతే. నెల తరవాతా అంతే.

గురి కాల్చడమంటే సగం ఊపిరి పనేనట. సగం వదిలి, ఆపి, ఆ నిశ్చలంలో మీట నొక్కాలి. అందుకని సంఘంలో అందరూ ఒకే మాట అన్నారు. డీటర్ అయితే మొహం మీదే చెప్పాడట: “గొట్టం టాన్‌హోఫ్‌ది. తప్పు నీ ఊపిరితిత్తులది.” నేను కూడా తక్కువ తినలేదు. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని ఏడిపించాను. అతను నవ్వలేదు.

“అన్నా, ఆ టాన్‌హోఫ్ సాబ్ ఇంక జిందా ఉన్నడట,” అన్నాడు ఒకరోజు ఆఫీసు క్యాంటీన్‌లో. “బిడ్డె దుకాణం నడిపిస్తదట. అపాయింట్‌మెంట్ తీస్కున్న. ఆయన సూసి బ్యారెల్ మంచిగుందంటే ఖరాబైంది నేనే. డీటర్‌కు వాపస్ ఇచ్చేస్త. మళ్ల ముట్ట.”

“తుపాకీ కాల్చకపోతే కొంపలేం మునుగుతాయయ్యా?”

“తుపాకీ గురించి గాదన్నా. లోపట బాగైందా లేదా, నాకు ఎట్ల తెల్వాలె? డాక్టర్ బాగైంది అంటడు. మెట్లెక్కితే ఆయాసమొస్తది. గురి ఒక్కటే అబద్ధం చెప్పది.”

ఆ సాయంత్రం రుక్సానా ఫోన్ చేసింది. “అన్నా, ఆయన్ని ఒక్కన్నే పంపిచ్చెటట్టు లేదు. మీరు గూడ పోతరా?” అంది. కాదనడానికి నా దగ్గర కారణమేదీ లేకపోయింది.

కాసెల్ దారిలో ఇద్దరు పోలీసులు

రైఫిల్‌తో ప్రయాణం చంటిపిల్లతో ప్రయాణం లాంటిదని ఆ శుక్రవారం తెలిసింది. తాళం వేసిన పొడుగాటి పెట్టెలో ఉండాలి, గుళ్లు వేరే పెట్టెలో ఉండాలి. కారులో వదిలేసి పోవడానికి లేదు. ఒకరు బాత్రూముకు వెళితే ఇంకొకరు కాపలా. దారి పక్క విశ్రాంతి స్థలాల్లో బాత్రూముకు డెబ్బై సెంట్లు తీసుకుని, వాటిలో యాభై సెంట్లకు చీటీ ఇస్తారు. ఆ చీటీ చెల్లాలంటే అక్కడే కాఫీ కొనాలి. కాఫీ నాలుగు యూరోలకు తక్కువ లేదు. కాఫీ తాగితే మళ్లీ బాత్రూము. ఈ వ్యాపారం కనిపెట్టినవాడికి ఎక్కడైనా విగ్రహం పెట్టారేమో తెలియదు.

నేను కాఫీ తెచ్చేసరికి మా కారు పక్కన పోలీసు బండి ఆగి ఉంది. మాస్కులు వేసుకున్న ఇద్దరు గోధుమరంగు మనుషులు, వెనక సీటు పొడుగునా ఒక పెట్టె. ఎవరు ఆపరు చెప్పండి. ఇంతియాజ్ తాపీగా కాగితాలు చూపిస్తున్నాడు. నాకు మాత్రం ఏ తప్పూ చేయకుండానే చెమటలు పట్టాయి. చిన్న వయసు పోలీసమ్మాయి అంకెలు సరిచూసి సరే అంది. ఆవిడ వెంట ఉన్న పెద్ద వయసాయన మాత్రం పెట్టె తెరిచిన దగ్గరే ఉండిపోయాడు.

“టాన్‌హోఫ్‌దా ఇది?” అన్నాడు. గొంతు మారింది. “మా మామగారు రెండేళ్లు కాచుకున్నా ఆయన చేసివ్వలేదు. ఒకసారి చూడొచ్చా?”

ముద్రను ఫోటో తీసుకోవచ్చా అని కూడా అడిగాడు. బాగు చేయించడానికి జూల్ వెళుతున్నామని ఇంతియాజ్ చెబితే ఆయన పెద్దగా నవ్వాడు.

“ఇది గురి తప్పుతోందంటే మీరు కాఫీ తగ్గించాలి,” అని నా చేతిలో కప్పుల వంక చూశాడు.

చట్టం మమ్మల్ని ఏమీ అనకుండా వదిలేసింది గాని, తప్పు ఇంతియాజ్‌దేనని పోలీసులు కూడా తేల్చేశారు.

ఐసెనాఖ్‌లో ఆలుగడ్డ ముద్దలు

తూరింగియాలోకి అడుగుపెట్టామని బోర్డు చూడనక్కర్లేదు, వాసనే చెబుతుంది. బొగ్గుల మీద కాలుతున్న సాసేజిలు. వాటి గురించి ఇక్కడివాళ్లు మనం ఆవకాయ గురించి వాదించుకున్నట్టు వాదించుకుంటారు. ఇంతియాజ్‌కు పంది మాంసం పనికిరాదు, నాకు ఆ రోజు శుక్రవారం. అందుకని మెట్లెక్కి ఒక పాత హోటలుకు వెళ్లాం.

ఎక్కువ మెట్లేమీ కావు. సగంలో ఇంతియాజ్ ఆగి, ఎదురుగా ఉన్న కొండ మీది కోటను తెగ మెచ్చుకున్నాడు. అతనికి కోటలంటే సరదా లేదని నాకు తెలుసు. నేనూ ఆగి మెచ్చుకున్నాను.

లోపల టీకా సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు చూశారు, పేర్లూ ఫోన్ నంబర్లూ రాయించుకున్నారు. టేబుళ్ల మధ్య గాజు పలకలు నిలబెట్టారు. ఇక్కడి పెద్ద వంటకం క్లోస్సే. తురిమిన పచ్చి ఆలుగడ్డలో ఉడికించిన ఆలుగడ్డ కలిపి, కొబ్బరికాయంత ముద్దలు చేసి వేడినీళ్లలో ఉడికిస్తారు. మధ్యలో వేయించిన రొట్టె ముక్కలు దాస్తారు. మాంసం పులుసు వద్దు, పుట్టగొడుగుల కూరతో ఇవ్వమంటే వడ్డించే ఆవిడ మా ఇద్దరి వంకా జాలిగా చూసింది. ప్లేటు తొమ్మిది యూరోలు. రుచి మన వినాయక చవితి ఉండ్రాళ్ల లాంటిదే, ఉప్పు కారం మరిచిపోతే. నా సంచిలో గోంగూర పచ్చడి సీసా ఉంది. ముద్ద విరిచి నంజుకుంటే, అన్యాయం ఎందుకు చెప్పాలి, బ్రహ్మాండంగా ఉంది. ఇంతియాజ్ రెండో ముద్ద కూడా తెప్పించుకున్నాడు.

జూల్: ఎవరి గొట్టం?

దారంతా దాచుకుంటూ వచ్చిన పెట్టెకు జూల్‌లో విలువ పెరిగింది. లాడ్జిలో అడుగుపెట్టగానే యజమానురాలు మా మొహాలు చూడలేదు, పెట్టె చూసింది.

“ఎవరి గొట్టం?” అంది, మన ఊళ్లలో కొత్తవాళ్లను మీరెవరి తాలూకని అడిగినట్టు.

టాన్‌హోఫ్ అనగానే మా గది మార్చి తోటవైపు గది ఇచ్చింది. అద్దె మాత్రం మార్చలేదు. టీకా సర్టిఫికెట్ చూపించబోతే తరవాత చూద్దాంలే అని, టాన్‌హోఫ్ గురించి మొదలుపెట్టింది. ఆయన అమావాస్య నాడు గొట్టం లోపల గుండును తిప్పే గాళ్లు కోయడట. కోసిన గొట్టాలను చలికాలమంతా ఇంటి దూలానికి నిలువునా వేలాడదీసి ‘నిద్రపుచ్చుతాడట’. పేరు మోసిన ఛాంపియన్ ఒకడు గొట్టం అడగడానికి వచ్చి చేతులు జేబులో పెట్టుకుని మాట్లాడాడని తిప్పి పంపేశాడట. ఈ ఊళ్లో ఇంకో ఇద్దరు పాత పనివాళ్లు ఉండేవారట. ఒకాయన గొట్టాలు చలిలో బాగుంటాయనీ, ఇంకొకాయనవి వెయ్యి గుళ్లు కాల్చాక గాని దారికి రావనీ వాడుక. టాన్‌హోఫ్‌వి మాత్రం మొదటి గుండు నుంచే.

“పెళ్లిసంబంధాల పేరయ్యలా చెబుతోందే ఈవిడ,” అన్నాను గదిలోకి వెళ్లాక.

ఇంతియాజ్ అప్పటికే మంచం మీద కూర్చుని రైఫిల్ బయటికి తీశాడు. జేబులోంచి ఒక పొడుగాటి తాడు తీశాడు. ఒక చివర ఇత్తడి బరువు, ఇంకో చివర గుడ్డపేలిక పెట్టడానికి ఉచ్చు. పుల్‌త్రూ అంటారట, ఎన్‌సీసీలో తుపాకీ శుభ్రం చేసేది దానితోనే. బరువును గొట్టంలో జారవిడిచి, ఊపిరి నిండా పీల్చుకుని, మూతి దగ్గర తాడు పట్టుకుని నెమ్మదిగా లాగుతూ ఊపిరి వదిలాడు. మళ్లీ పీల్చాడు, మళ్లీ లాగాడు. దసరాకి ఒక్కరోజు ఆయుధపూజ చేసే జాతి మనది. ఇతను రోజూ చేస్తున్నాడు.

“ఆసుపత్రికెళ్లి వచ్చినంక ఊపిరి ఎక్సర్‌సైజ్ జేయమన్నరన్నా,” అన్నాడు. “ఉత్తగ కూసోని పీల్చుడు వదులుడు బోర్ గొడ్తది. గిట్లైతే పని గూడ అయితది. లాక్‌డౌన్‌ల పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి. ఒక్కనాడు గూడ తప్పలే.”

గదినిండా నూనె వాసన వచ్చింది. నేను కిటికీ తెరిచాను.

కొండ మీద పనిశాల

టాన్‌హోఫ్ ఇల్లు ఊరి పైన, అడవి మొదలయ్యే చోట. కింద పనిశాల, పైన కాపురం. మర్నాడు పొద్దున కూతురు హైకే మాకు ఎదురొచ్చింది. యాభై ఏళ్లుంటాయి, తుపాకుల పనిలో మాస్టర్ పరీక్ష ప్యాసయింది, లైసెన్సు ఇప్పుడు ఆవిడ పేరనే ఉంది. టాన్‌హోఫ్ గారు అంత చలిలోనూ కరోనా భయానికి కిటికీలన్నీ తెరిపించుకుని, మెడకు టై కట్టుకుని, టై మీద ఏప్రన్ వేసుకుని కూర్చున్నారు. గోడ నిండా గెలిచినవాళ్ల ఫోటోలు. వినయం ఉన్న మనిషి కాదు. ముందు ఆ ఫోటోలన్నీ చూపించి గాని మా పెట్టె తెరవనివ్వలేదు.

గొట్టాలు వేలాడదీసి నిద్రపుచ్చేవారట గదా అని అడిగాను.

“పడుకోబెట్టడానికి ఇంట్లో చోటు లేక వేలాడదీశాను,” అన్నాడు. “అమావాస్య సంగతి కూడా అబద్ధమే. కానీ మీరు ఎవరికీ చెప్పకండి. వినడానికి బాగుంటుంది, విననివ్వండి.”

తరవాత ఆయన పని మొదలుపెట్టాడు. నూనె రాసిన మెత్తటి సీసం ముక్కను గొట్టం వెనకనుంచి పెట్టి, ఇత్తడి కడ్డీతో నెట్టడం. గొట్టం లోపల మెలితిరిగిన సన్నటి గాళ్లుంటాయి. సీసం ఎక్కడ బిగుతుగా కదిలింది, ఎక్కడ వదులైంది అన్నది చేతికి తెలుస్తుంది. కళ్లు మూసుకుని నెట్టాడు. ఇంతియాజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈ ముసలాయన బాగుంది అంటే అతని పని అయిపోయినట్టే. నాకు ఆ మాట వినబుద్ధి కాలేదు. కడ్డీ అంగుళం అంగుళం పోయి, చివర చటుక్కున జారింది.

టాన్‌హోఫ్ కళ్లు తెరిచాడు. “నా పని బాగుంది,” అన్నాడు. “మూతి దగ్గర గోరంత పాడైంది. అది నా పని కాదు.”

హైకే భూతద్దం పెట్టి మూతి చూసింది, నాకూ చూపించింది. గుండ్రంగా ఉండాల్సిన అంచు మీద ఒక పక్కన నున్నగా చార పడింది. గిలక లేని పాత బావుల గట్టు మీద చేంతాడు ఒరిసి ఒరిసి చార పడుతుంది చూడండి, అదే. గుండు గొట్టాన్ని వదిలే ఆఖరి క్షణంలో ఆ అంచు అంతటా ఒకేసారి వదలాలట. ఒక పక్క ముందు వదిలితే గుండు తూలుతుంది.

“దీన్ని తాడుతో తుడుస్తున్నదెవరు?” అంది హైకే.

ఇంతియాజ్ తనే అన్నాడు. ఎన్నాళ్లకోసారి అని అడిగింది. రోజూ రెండుసార్లన్నాడు.

ఆవిడ భూతద్దం కింద పెట్టేసింది. ఇలాంటి గొట్టాన్ని ఇక్కడివాళ్లు అరుదుగా తుడుస్తారట, అదీ వెనకనుంచి కడ్డీతో. ఈ చిన్న గుళ్ల మందులో గాజుపొడి ఉంటుంది, తాడు దాన్ని పట్టుకుని ఆకురాయిలా పనిచేస్తుంది. పైగా మంచం మీద కూర్చుని ఒక పక్కకు లాగాడు. కాల్చి కాల్చి అరిగిన గొట్టాలు చూశాను గాని ప్రేమతో అరగదీసింది ఇదే చూడటం అంది.

మద్దెల నిజంగానే ఓడు. నేను అతన్ని ఏడిపించిన మాటకు నాకు సిగ్గేసింది. ఇంతియాజ్ మాత్రం సంతోషించలేదు. ఆసుపత్రి సంగతి, డాక్టరు చెప్పిన వ్యాయామం సంగతి జర్మన్‌లో నెమ్మదిగా చెప్పాడు. హైకే తండ్రి చెవి దగ్గర మళ్లీ గట్టిగా చెప్పింది.

“మరి ఊపిరి బాగైందా?” అని అడిగాడు టాన్‌హోఫ్.

“తెలియదు,” అన్నాడు ఇంతియాజ్. “అదే తెలుసుకుందామని వచ్చాను.”

పేరు మీద గీత

మూతి దగ్గర గోరంత కోసేసి కొత్త అంచు తీస్తే సరిపోతుందని, లేతు మిషన్ మీద గంట పనని హైకే చెప్పింది. ఖర్చు కూడా మా గది అద్దె కన్నా తక్కువే. ఇంతియాజ్ ఊ అనబోతుంటే ముసలాయన చెయ్యెత్తాడు. హైకే పైకప్పు వంక చూసింది. ఏం రాబోతోందో ఆవిడకు తెలుసు.

“నేను ఇచ్చిన పొడవుకే నా పూచీ,” అన్నాడాయన. “కోస్తే అది నా గొట్టం కాదు. నా పేరు మీద గీత కొడతాను.”

పూర్వం ఒకడు ఆయన గొట్టాన్ని ఎవరిచేతో కోయించి పోటీకి తెచ్చాడట. గుళ్లు చెదిరాయి. టాన్‌హోఫ్ గొట్టం చెదిరిందని మైదానమంతా పాకింది. అప్పటినుంచీ ఇదే ఆయన కట్టడి, కూతురు కోసినా సరే. ఇక్కడి పింగాణీవాళ్లు కూడా అంతే. చిన్న లోపమున్న ప్లేటు మీద తమ ముద్రకు అడ్డంగా గీత గీసి అమ్ముతారు. అన్నం తినడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, పేరు మాత్రం చెప్పుకోకూడదు.

ఆలోచించుకుంటానని ఇంతియాజ్ బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

“డీటర్ నాకిచ్చింది ఆ పేరేనన్నా,” అన్నాడు. “గీత వడ్డంక అది ఉత్త ఇనుప గొట్టం.”

“గుండు నేరుగా పోని గొట్టం మీద పేరుండి ఏం లాభమయ్యా? దండేనికి కట్టి బట్టలారేస్తావా?”

“అదొక్కటే గాదు.” బల్ల మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. “ఇప్పుడైతే మూతి ఖరాబైందని చెప్పుకోవచ్చు. అది బాగైనంక గూడ చెదిరిందనుకో. ఇగ ఎవ్వరి మీద వెడ్త?”

అతను నాలుగొందల కిలోమీటర్లు వచ్చింది జవాబు కోసం. జవాబు వచ్చే వేళకు భయం పట్టుకుంది. అతని చోట నేనుంటే గొట్టాన్ని అలాగే పెట్టెలో పెట్టుకుని ఇంటికి పోయేవాణ్ణేమో.

“కొట్టుమను గీత,” అని లేచాడు.

ముసలాయన ఉలి తనే పట్టుకున్నాడు. నేను కొడతానని హైకే అంటే వినలేదు. ఒక్క దెబ్బకు పేరు మీద అడ్డంగా సన్నటి గీత పడింది, వంకర లేకుండా. ఆ గీతను కూడా ఆయన వేలితో తడిమి మెచ్చుకున్నాడు. తరవాత హైకే లేతు దగ్గరికి వెళ్లింది.

అడవిలో ఆదివారం

ఆదివారం జర్మనీ మొత్తం నోరు మూసుకుని ఉంటుంది. గడ్డి కోసే మిషన్ కూడా తిప్పకూడదు. జూల్ పైనున్న అడవిలో మాత్రం తుపాకులు పేలుతున్నాయి. సర్టిఫికెట్లు చూసి లోపలికి వదిలారు. మంచు పట్టి ఉంది, చెక్క షెడ్డులో హీటరు పేరుకే. టాన్‌హోఫ్ గారు కంబళి కప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. ఇక తనది కాని గొట్టాన్ని చూడటానికి ఎందుకొచ్చారో ఎవరూ అడగలేదు.

ముందు హైకే రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి కాల్చింది. గుళ్లన్నీ ఒకేచోట కుదురుకున్నాయి. అంటే గొట్టంలో లోపం లేదు. ఇక మిగిలింది ఇంతియాజ్ ఒక్కడే. అతనికి ఆ సంగతి తెలుసు. చాప మీద బోర్లా పడుకుని, బెల్టు చేతికి బిగించి, చాలాసేపు అలాగే ఉన్నాడు. చలికి అతని ఊపిరి కళ్లకు కనిపిస్తోంది. తెల్లగా బయటికొచ్చి, సగంలో ఆగేది. అప్పుడు తుపాకీ పేలేది. మళ్లీ తెల్లగా వచ్చేది. మధ్యలో ఒకసారి దగ్గు వచ్చి ఆగిపోయాడు. మంచినీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడు.

దుర్భిణి దగ్గర నేనున్నాను. అట్ట మీద మధ్యలో నల్లటి వృత్తం. అందులో ఒక్క చిల్లు కూడా లేదు. దుర్భిణి కొంచెం కొంచెంగా పక్కకు జరిపాను. తరవాత ఎడమపక్క, బాగా కింద, తెల్లటి చోట కనిపించింది. చిల్లులు కావు, ఒకదానిలోకి ఒకటి దూరి ఒకే చిల్లు.

“అన్నీ ఒకచోటే ఉన్నాయిరా,” అన్నాను. “కానీ మధ్యలో లేవు.”

అతను నమ్మలేదు. హైకే వచ్చి చూసింది. గొట్టం మూతి మార్చాం గనక గురి కొంచెం పక్కకు పోవడం మామూలేననీ, మధ్యకు తేవడం గురి చూసే చోటి మర తిప్పినంత పనేననీ చెప్పింది. “ఒకచోట చేర్చడం మాత్రం ఏ మరా చేయలేదు,” అంది.

ఇంతియాజ్ చెంప తుపాకీ చెక్క మీద ఆనించే ఉంచాడు. భుజాలు కదులుతుంటే ముందు మళ్లీ దగ్గేమో అనుకున్నాను. ఏడుస్తున్నాడు. ఆసుపత్రినుంచి వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి. నాకూ కళ్లనీళ్లొచ్చాయి, మాస్కు ఉండటం మంచిదైంది.

తిరిగి బయల్దేరేముందు కారులో కూర్చుని స్పీకర్ పెట్టి డీటర్‌కు ఫోన్ చేశాడు. తాడు సంగతి, మూతి సంగతి, అన్నీ దాచకుండా చెప్పాడు.

“గీత కొట్టాడా?” అన్నాడు డీటర్ అంతా విన్నాక.

“కొట్టాడు.”

“నేను వేలితో తడిమితే తెలుస్తుందా?”

“తెలుస్తుంది డీటర్. ఏమీ అనుకోకు.”

డీటర్ ఆ మాట అక్కడితో వదిలేశాడు.

“ఇప్పుడు గుళ్లు ఎలా పడుతున్నాయి?”

ఇంతియాజ్ చెప్పాడు.

“అయితే ఇకనుంచి బాగా పడితే నిన్నే మెచ్చుకోవాల్సి వస్తుంది,” అన్నాడు డీటర్. “పాతికేళ్లు కాల్చాను దానితో. నన్నెవరూ మెచ్చుకోలేదు.”